ఖర్చు ఒకరిది, లాభం మరొకరిది: ఐరోపాను కలిపే పట్టాలు, తీగలు, కేబుళ్లు

2017 ఆగస్టు 12న జర్మనీలోని రాస్టాట్ దగ్గర రైలు పట్టాలు కుంగిపోయాయి. పాత లైనుకు కిందుగా కొత్త సొరంగం తవ్వుతున్నారు, పైన రైళ్లు మామూలుగానే తిరుగుతున్నాయి. ఉన్నట్టుండి నేల దిగబడి పట్టాలు వంగాయి. ఎవరికీ ఏమీ కాలేదు. దెబ్బతిన్నది కొద్ది మీటర్ల మేర లైను మాత్రమే. కాకపోతే ఆ కొద్ది మీటర్లూ నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ రేవును ఇటలీలోని జెనోవా రేవుతో కలిపే దారిలో ఉన్నాయి. రోజుకు రెండు వందల దాకా గూడ్సు రైళ్లు పోయే ఆ దారి అక్టోబరు 2 దాకా, అంటే ఏడు వారాలకు పైగా మూతపడింది.

ఇంకో దారిలో మళ్లించవచ్చు కదా అనిపిస్తుంది. దారి ఉంది కూడా. రైన్ నదికి అవతలి వైపు, ఫ్రాన్స్ గడ్డ మీద, దాదాపు సమాంతరంగా మంచి రైలు మార్గం ఉంది. కానీ దాని మీద బండి నడపాలంటే డ్రైవరుకు ఫ్రెంచి రావాలి, ఆ లైను అలవాటై ఉండాలి. ఇంజను ఫ్రాన్స్ కరెంటుకూ అక్కడి సిగ్నళ్లకూ సరిపడాలి. ఈ మూడూ కుదిరిన డ్రైవర్లు, ఇంజన్లు చాలా తక్కువ. సరుకు యార్డుల్లో నిలిచిపోయింది, చాలావరకు లారీలకెక్కింది. గూడ్సు కంపెనీల సంఘాలు చేయించిన అధ్యయనం నష్టాన్ని సుమారు 200 కోట్ల యూరోలుగా లెక్కగట్టింది.

ఒకే డబ్బు, ఒకే మార్కెట్టు, పాస్‌పోర్టు తనిఖీ లేని సరిహద్దులు ఉన్న చోట ఒక గూడ్సు బండి నది దాటలేకపోయింది. ఐరోపా సమాఖ్య (ఈయూ) బడ్జెట్టు మీద ఇప్పుడు నడుస్తున్న బేరాల్లో ‘అనుసంధానం’ అన్న మాట పదేపదే వినిపించడానికి మూలం ఇలాంటి సంఘటనల్లోనే ఉంది. 2025 జులైలో సమాఖ్య కార్యనిర్వాహక సంస్థ అయిన ఐరోపా కమిషన్ రాబోయే ఏడేళ్ల బడ్జెట్టు ప్రతిపాదిస్తూ ఈ పద్దుకు 8,140 కోట్ల యూరోలు అడిగింది. ఇప్పుడున్న దానికి ఇది రెట్టింపు కన్నా ఎక్కువ. అంత సొమ్ము ఎందుకు, దాన్ని ఎవరు ఎందుకు వద్దంటున్నారు అన్నది తేలాలంటే ముందు కొన్ని మాటల అర్థాలు చూసుకోవాలి.

మూడు వలలు, ఒక ఖజానా

దేశాల మధ్య రవాణా, ఇంధనం, టెలికాం వ్యవస్థలను కలపడం సమాఖ్య బాధ్యతల్లో ఒకటని 1992లో సంతకాలైన మాస్‌ట్రిక్ట్ ఒప్పందమే రాసింది. వీటికి ‘ట్రాన్స్ యూరోపియన్ నెట్‌వర్కులు’ అని పేరు. తెలుగులో ఖండవ్యాప్త వలలు అనుకుందాం. ఒప్పందంలో రాసుకున్నంత మాత్రాన పట్టాలు పడవు కాబట్టి, 2014లో ‘కనెక్టింగ్ యూరప్ ఫెసిలిటీ’ అనే నిధిని పెట్టారు. అందరూ సీఈఎఫ్ అంటారు.

2021 నుంచి 2027 వరకు ఈ నిధికి కేటాయించినది 3,371 కోట్ల యూరోలు. అందులో 2,581 కోట్లు రవాణాకు, 584 కోట్లు ఇంధనానికి, సుమారు 207 కోట్లు డిజిటల్‌కు. రవాణా వాటాలో 1,129 కోట్లు ఆదాయం తక్కువగా ఉన్న సభ్యదేశాలకు ప్రత్యేకించారు.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. ఈ డబ్బుతో సమాఖ్య స్వయంగా ఏదీ కట్టదు. సమాఖ్య కేంద్రమైన బ్రసెల్స్‌కు సొంత రైల్వే లేదు, సొంత విద్యుత్ లైన్లూ లేవు. కట్టేది ఆయా దేశాలు, కంపెనీలు. ఖర్చులో కొంత శాతం గ్రాంటుగా ఇస్తామని పోటీ పెడతారు. దేశాలు దరఖాస్తు చేసుకుంటాయి. జాతీయ బడ్జెట్ల ముందు ఈ మొత్తం చిన్నదే. పెళ్లి ఖర్చంతా మనదే అయినా మేనమామ ఇచ్చే సొమ్ముతో ముహూర్తం ఖాయమైనట్టు, ఆగిపోయిన పనిని కదిలించడమే దీని ప్రయోజనం.

రవాణా వలకు 2024లో కొత్త నిబంధనలు వచ్చాయి. ముఖ్యమైన మార్గాలు 2030 నాటికి, తర్వాతి అంచె 2040 నాటికి, మిగతా వల 2050 నాటికి పూర్తికావాలి. 740 మీటర్ల పొడవున్న గూడ్సు రైళ్లు నడవాలి. పట్టాలు ఒక్కో ఇరుసుకు 22.5 టన్నుల బరువు మోయాలి. ప్రధాన మార్గాల్లో ప్రయాణికుల రైళ్లు గంటకు 160 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. కాగితం మీద ఇవి కొలతలే. నేల మీద ప్రతి కొలత వెనుకా ఒక చరిత్ర ఉంది.

నారింజల బుట్టలు మోసిన ఆడవాళ్లు

గుంతకల్లులో బ్రాడ్ గేజి రైలు దిగి మూటాముల్లెతో మీటర్ గేజి రైలు ఎక్కినవాళ్లకు గేజి బాధ ఏమిటో చెప్పనక్కరలేదు. ఐరోపాలో చాలా దేశాల పట్టాల మధ్య దూరం 1,435 మిల్లీమీటర్లు. స్పెయిన్, పోర్చుగల్ పాత లైన్లలో అది 1,668. ఒకప్పటి రష్యా సామ్రాజ్యపు వారసత్వంగా బాల్టిక్ దేశాల్లో (ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా) 1,520. ఐర్లండ్‌లో 1,600.

ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దులో సెర్‌బేర్ అనే ఊరు ఉంది. స్పెయిన్ నుంచి వచ్చిన నారింజపండ్లను ఒక గేజి బండిలోంచి దించి మరో గేజి బండిలోకి బుట్టలతో మోసే పని అక్కడి ఆడవాళ్లది. 1906లో వాళ్లు కూలి పెంచాలని సమ్మె కూడా చేశారు. 233 మిల్లీమీటర్ల తేడా ఒక ఊరికి ఊరినే బతికించిందన్నమాట. తర్వాతి కాలంలో ఇరుసు మీద చక్రాల దూరం మార్చుకోగల రైళ్లు వచ్చాయి. స్పెయిన్ 1992 నుంచి హైస్పీడ్ లైన్లను 1,435లోనే వేసుకుంది. గూడ్సుకు మాత్రం పాత తిప్పలు పూర్తిగా పోలేదు.

గేజి ఒక్కటే అయితే బాధ లేదు. జర్మనీ, ఆస్ట్రియా రైళ్ల తీగల్లో 15 వేల వోల్టుల ఏసీ కరెంటు, అదీ మామూలు 50 హెర్ట్జ్ కాదు, 16.7 హెర్ట్జ్. ఇటలీ, పోలండ్, బెల్జియంలలో ప్రధానంగా 3 వేల వోల్టుల డీసీ. నెదర్లాండ్స్‌లో పదిహేను వందల డీసీ. ఫ్రాన్స్‌లో ప్రాంతాన్ని బట్టి రెండు రకాలు. సిగ్నల్ వ్యవస్థలు దేశానికొకటి చొప్పున ఇరవైకి పైగా. పారిస్, బ్రసెల్స్, కొలోన్, ఆమ్‌స్టర్‌డామ్‌లను కలిపే థాలిస్ రైలు ఒకప్పుడు ఏడు రకాల భద్రతా వ్యవస్థల పరికరాలను మోసుకు తిరగాల్సి వచ్చింది. వీటన్నిటి బదులు ఒకే ఐరోపా సిగ్నల్ వ్యవస్థ పెట్టాలన్నది దశాబ్దాల నాటి నిర్ణయం. అమలు నత్తనడక. ఇంట్లో బాగానే పనిచేస్తున్న సిగ్నళ్లను పొరుగుదేశపు బండి కోసం పీకి కొత్తవి పెట్టే ఖర్చుకు ఏ ఆర్థికమంత్రి ఉత్సాహపడతాడు?

ఇక భాష. ఏ దేశపు లైను మీద నడిపితే ఆ దేశపు కంట్రోల్ గదితో వాళ్ల భాషలో మాట్లాడగలగాలి, దానికి పరీక్ష పాసవ్వాలి. విమానాలకు ఇంగ్లిషు ఒక్కటీ సరిపోతుంది. రైళ్లకు అలాంటి ఏర్పాటు లేదు. రాస్టాట్‌లో కథ అడ్డం తిరిగింది ఇక్కడే.

సమస్య సాంకేతికం కానప్పుడు

పైదంతా చదివితే ఇది ఇంజనీర్ల తలనొప్పి అనిపిస్తుంది. నా ఉద్దేశంలో అసలు ముడి మరోచోట ఉంది. పిరెనీస్ పర్వతాల్లో కన్‌ఫ్రాంక్ అనే స్టేషన్ ఉంది. ఫ్రాన్స్, స్పెయిన్ కలిసి సొరంగం తొలిచి, రాజభవనం లాంటి ఆ స్టేషన్ కట్టి 1928లో తెరిచాయి. 1970లో ఒక గూడ్సు రైలు పట్టాలు తప్పి ఫ్రాన్స్ వైపున్న వంతెన కూలింది. వంతెన చిన్నదే. దాన్ని మళ్లీ కట్టలేదు. స్పెయిన్ వైపు నుంచి రైళ్లు నేటికీ స్టేషన్ దాకా వస్తాయి. ముందుకు దారి లేదు. స్టేషన్ భవనం 2023లో విలాసవంతమైన హోటలైంది.

వంతెన కట్టడం ఫ్రాన్స్‌కు చేతకాక కాదు. అరగాన్ ప్రాంతపు సరుకు ఉత్తరానికి పోవాలన్నది స్పెయిన్ అవసరం. ఫ్రాన్స్‌కు అది కొండల్లో నష్టాల లైను. ఖర్చు ఒకరి పద్దులో, లాభం మరొకరి పద్దులో పడే చోట పనులు ఆగుతాయి. ఐరోపా పటం మీద తెగిన గీతలు ఎక్కువగా సరిహద్దుల దగ్గరే ఉండటం యాదృచ్ఛికం కాదు.

ఒక గ్యాసు గొట్టం లెక్క

ఈ ముడిని విప్పిన ఉదాహరణ ఒకటి ఉంది. పోలండ్, లిథువేనియాల మధ్య 508 కిలోమీటర్ల గ్యాసు గొట్టం. 2022 మేలో తెరిచారు. గొట్టంలో 343 కిలోమీటర్లు పోలండ్‌లో, 165 లిథువేనియాలో. పొడవు ఎక్కువ కాబట్టి పోలండ్‌కు ఖర్చెక్కువ. లాభం ఎవరికి? ఐరోపా వలతో సంబంధం లేకుండా రష్యా గ్యాసు మీద ఆధారపడిన బాల్టిక్ దేశాలకు. పోలండ్‌కు అప్పటికే వేరే దారులున్నాయి.

2014లో ఇంధన నియంత్రణ సంస్థల ఐరోపా ఏజెన్సీ లెక్క వేసింది. పోలండ్‌కు వచ్చే లాభాన్ని పెట్టే ఖర్చులోంచి తీసేస్తే నికరంగా 8.58 కోట్ల యూరోల లోటు తేలింది. ఆ లోటును లాభపడేవాళ్లు పూడ్చాలన్నది తీర్పు. లిథువేనియా 5.49 కోట్లు, లాత్వియా 2.94 కోట్లు, ఎస్టోనియా 15 లక్షలు. గమనించండి, గొట్టం లాత్వియాలో గానీ ఎస్టోనియాలో గానీ అడుగు కూడా వేయలేదు. అయినా వాటా కట్టాయి, గ్యాసు చివరికి అక్కడిదాకా చేరుతుంది కాబట్టి. దీనిపైన సీఈఎఫ్ నుంచి 26 కోట్ల యూరోలకు పైగా గ్రాంటు వచ్చింది.

కాలవ నీళ్లు పారే పొలాల రైతులంతా ఎకరానికి ఇంత అని వేసుకుని తూము బాగుచేయించుకునే పద్ధతే ఇది. తేడా ఏమిటంటే ఇక్కడ ‘నీకు ఇన్ని నీళ్లు పారతాయి’ అని ముందే చెప్పే మనిషి కావాలి, ఆ మాటను నాలుగు ప్రభుత్వాలు ఒప్పుకోవాలి. భవిష్యత్తు లాభం అంచనా మాత్రమే. గ్యాసు వాడకం తగ్గితే లెక్క తారుమారవుతుంది. వాతావరణ ఉద్యమకారుల అభ్యంతరం అదే: రేపు వదిలేయాల్సిన ఇంధనానికి నేడు ప్రజాధనంతో గొట్టాలు వేస్తారా అని. 2022లో యుక్రెయిన్ మీద దాడి జరిగాక రష్యా గ్యాసు ఆగినప్పుడు మాత్రం బాల్టిక్ దేశాల్లో ఆ ప్రశ్న వేసినవాళ్లు తగ్గారు.

ఒకే కాడికి కట్టిన గ్రిడ్లు

విద్యుత్తు దగ్గరికి వచ్చేసరికి ‘కలపడం’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఈ తేడా తెలియకపోతే వార్తలు అర్థం కావు.

మొదటిది ఏసీ లైనుతో కలపడం. అప్పుడు రెండు గ్రిడ్లలోని జనరేటర్లన్నీ ఒకే లయలో, సెకనుకు 50 ఆవర్తనాల చొప్పున తిరగాలి. ఈ లయనే ఫ్రీక్వెన్సీ అంటారు. ఒకే కాడికి కట్టిన ఎద్దుల్లాగ. ఒకటి తడబడితే మిగతావి బరువు పంచుకుని లాగుతాయి. మరీ గట్టిగా తూలితే అన్నిటినీ పడేస్తుంది. రెండోది డీసీ లైను. ఇది రెండు చెరువుల మధ్య పంపు పెట్టినట్టు. ఎంత కావాలంటే అంత తోడుకోవచ్చు, ఒక చెరువులో అల రెండోదానికి తగలదు.

మన అనుభవమే చూడండి. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతంలో గ్రిడ్ కుప్పకూలింది. రెండో రోజు 60 కోట్లకు పైగా జనం ఉండే ప్రాంతాలకు కరెంటు పోయింది. హైదరాబాదులో, విజయవాడలో దీపాలు ఆరలేదు. కారణం, దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో గాజువాక, రామగుండం వైపు భద్రావతి లాంటి డీసీ కేంద్రాల ద్వారానే కలిసి ఉంది. అదే ఏర్పాటు వల్ల మనకు కరెంటు కొరత ఉన్న రోజుల్లో ఉత్తరాన మిగులు ఉన్నా కావలసినంత తెచ్చుకోలేకపోయాం. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ మధ్య 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణ గ్రిడ్ కూడా అదే కాడి కిందికి వచ్చింది. ప్రమాదంలో వాటా, సహాయంలో వాటా రెండూ కలిసే వచ్చాయి.

బాల్టిక్ దేశాలు ఇదే పని 2025లో చేశాయి, కాకపోతే కాడి మార్చుకున్నాయి. ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా ఈయూలో చేరి ఇరవై ఏళ్లయినా వాటి గ్రిడ్లు రష్యా, బెలారుస్‌లతోనే లయ కలిపి ఉండేవి. ఫ్రీక్వెన్సీ నియంత్రణ మాస్కో చేతిలో. 2022లో రష్యా కరెంటు కొనడం మానేశాక కూడా ఆ లయ అక్కడిదే. ఫిబ్రవరి 8న లైన్లు తెంచుకున్నాయి. ఒక రోజుకు పైగా మూడు దేశాలూ తమంతట తామే నిలబడ్డాయి. 9న పోలండ్ మీదుగా ఖండపు గ్రిడ్‌లో కలిశాయి. ఇందుకు పెట్టుబడిలో 75 శాతం, అంటే 123 కోట్ల యూరోలు సీఈఎఫ్ ఇచ్చింది. యుక్రెయిన్, మోల్డోవాల కథ ఇంకా ఉత్కంఠ. రష్యా గ్రిడ్ నుంచి విడిపోయి కొన్ని రోజులు ఒంటరిగా నడిచి చూసే పరీక్షను అవి 2022 ఫిబ్రవరి 24న మొదలుపెట్టాయి. కొన్ని గంటలకే దాడి మొదలైంది. ఇక వెనక్కి తిరిగి కలిసే ప్రశ్నే లేదు. మార్చి 16న ఐరోపా గ్రిడ్‌ వాటిని హడావుడిగా కలుపుకుంది.

స్పెయిన్ చీకటి ఏం చెప్పింది, ఏం చెప్పలేదు

2025 ఏప్రిల్ 28న మధ్యాహ్నం 12:33కి స్పెయిన్, పోర్చుగల్ ప్రధాన భూభాగాలు మొత్తం చీకటయ్యాయి. మెట్రోలు సొరంగాల్లో ఆగాయి, ఫోన్లు మూగబోయాయి. మరునాడు తెల్లవారేసరికి గానీ కరెంటు పూర్తిగా రాలేదు.

సంఘటన తర్వాత రెండు వాదాలు బయల్దేరాయి. మొదటిది స్పెయిన్, పోర్చుగల్‌ది: ఫ్రాన్స్‌తో మాకున్న తీగలు బొటాబొటీ, అందుకే మేం విద్యుత్ ద్వీపంగా మిగిలిపోయాం. దీనికి ఆధారం ఉంది. ప్రతి దేశానికీ తన ఉత్పత్తి సామర్థ్యంలో కనీసం 15 శాతాన్ని పొరుగుదేశాలతో ఇచ్చిపుచ్చుకునే లైన్లు 2030 నాటికి ఉండాలన్నది ఈయూ లక్ష్యం. స్పెయిన్‌కు 5 శాతం కూడా లేదు. 2015లో పిరెనీస్ కింద 8.5 కిలోమీటర్ల సొరంగం గుండా డీసీ లైను వేసి సామర్థ్యాన్ని 2,800 మెగావాట్లకు పెంచారు. బిస్కే అఖాతం అడుగున వేస్తున్న మరో లైను పూర్తయితే 5,000 అవుతుంది. దానికి సీఈఎఫ్ 57.8 కోట్ల యూరోలు కేటాయించింది. కొండల మీదుగా వేయాలనుకున్న మరో రెండు లైన్లు మాత్రం ఫ్రాన్స్ వైపు కదలడం లేదు.

రెండో వాదం ఫ్రాన్స్ వైపు నుంచి: లైను సరిహద్దు దగ్గర ఆగిపోదు, దాన్ని మోయడానికి మా లోపలి గ్రిడ్ అంతా బలపరచాలి, ఆ ఖర్చు మా వినియోగదారులది. అణువిద్యుత్తు అమ్ముకునే దేశానికి స్పెయిన్ చవక సౌరవిద్యుత్తు పోటీ అన్నది వాళ్లు బయటికి అనని మాట అని స్పెయిన్‌లో చాలామంది నమ్మకం.

ఎవరి వాదం ఎలా ఉన్నా, సాంకేతికంగా ఒక మెలిక ఉంది. ఐరోపా నిపుణుల బృందం పరిశోధనలో తేలినది, ఆ రోజు వోల్టేజి అదుపు తప్పి పెరుగుతూ ఒకదాని తర్వాత ఒకటిగా విద్యుత్ కేంద్రాలు విడిపోయాయని. ఫ్రీక్వెన్సీ కాడి మొత్తానిది. ఎక్కడో పోలండ్‌లోని జనరేటరు కూడా దాన్ని నిలబెట్టగలదు. వోల్టేజి ఏ ఊరిది ఆ ఊళ్లోనే అదుపు చేసుకోవాలి. కాబట్టి ‘తీగలు ఎక్కువుంటే ఈ చీకటే వచ్చేది కాదు’ అన్నది రుజువైన మాట కాదు. చీకట్లోంచి లేవడానికి మాత్రం తీగలు పనికొచ్చాయి: ఫ్రాన్స్ నుంచి, జలసంధి అవతల మొరాకో నుంచి కరెంటు తెచ్చుకుని గ్రిడ్‌ను అంచెలంచెలుగా లేపారు.

తీగ వచ్చాక ధర ఎటు పోతుంది

మదనపల్లె టమాటాకు దూరపు మార్కెట్ల లారీలు రాని రోజున ఊళ్లో కిలో కారుచవక. లారీలు వచ్చిన రోజున రైతు ముఖం వికసిస్తుంది, మదనపల్లెలో కూర కొనుక్కునేవాళ్ల ముఖం వాడుతుంది. కరెంటు తీగ చేసేదీ అదే. ఊహాత్మకమైన అంకెలతో లెక్క వేసి చూద్దాం.

చవక దేశంలో యూనిట్ ధర 30, ఖరీదు దేశంలో 80 అనుకోండి. రెండు చోట్లా వాడకం వెయ్యి యూనిట్లు. మధ్యలో 200 యూనిట్లు మోసే తీగ వేశారు. చవక దేశంలో అదనంగా 200 ఉత్పత్తి చేయాలి కాబట్టి ధర 40కి పెరిగింది. ఖరీదు దేశంలో 200 తక్కువ ఉత్పత్తి చేస్తే చాలు కాబట్టి 70కి తగ్గింది. చవక దేశపు వినియోగదారులు వెయ్యి యూనిట్ల మీద పదేసి చొప్పున 10,000 ఎక్కువ కడతారు. అక్కడి ఉత్పత్తిదారులకు ఆ 10,000తో పాటు ఎగుమతి మీద మరో 1,000 మిగులుతుంది. అవతలి దేశంలో వినియోగదారులకు 10,000 ఆదా, ఉత్పత్తిదారులకు 9,000 నష్టం. 40కి కొని 70కి అమ్మిన తీగ యజమానికి 6,000. అన్నీ కూడితే రెండు దేశాలకూ కలిపి నికర లాభం 8,000.

మొత్తంగా లాభమే. అయితే చవక దేశంలో చేతులు మారిన సొమ్ము ఆ లాభం కన్నా ఎక్కువ, అదీ ఓటర్ల జేబులోంచి విద్యుత్ కంపెనీల జేబులోకి. 2024 జూన్‌లో స్వీడన్ ప్రభుత్వం జర్మనీకి వేయాల్సిన 700 మెగావాట్ల సముద్రగర్భ లైనును తిరస్కరించడం వెనుక ఉన్నది ఇదే. దక్షిణ స్వీడన్‌లో ధరలు పెరుగుతాయని దాని భయం. దాని వాదనలో మరో కోణం కూడా ఉంది. స్వీడన్ తన దేశాన్ని నాలుగు ధరల మండలాలుగా విడగొట్టుకుంది. జర్మనీ మాత్రం గాలిమరలుండే ఉత్తరానికీ ఫ్యాక్టరీలుండే దక్షిణానికీ ఒకే ధర పెట్టుకుని, లోపలి లైన్లు చాలక వచ్చే కష్టాన్ని పొరుగువాళ్లకు పంచుతోందని స్వీడన్ ఆరోపణ. అలా విడగొడితే దక్షిణ పరిశ్రమలు దెబ్బతింటాయని జర్మనీ జవాబు. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. ఎగుమతి లాభాన్ని ఇంట్లో పంచుకునే పద్ధతి ఉంటే ఈ గొడవ సగం తీరుతుందని ఆర్థికవేత్తలు అంటారు. అలా పంచి చూపించిన ప్రభుత్వాలు అరుదు.

కేబుళ్లకు అంత తక్కువ ఎందుకు

రవాణాకు 2,581 కోట్లు, డిజిటల్‌కు 207 కోట్లు అంటే చిన్నచూపు అనుకోనక్కర్లేదు. నగరాల్లో ఫైబరు, టవర్లు కంపెనీలే లాభం కోసం వేస్తాయి. వాళ్లు పోని చోట్లకే ప్రజాధనం పోవాలి: దీవులు, మారుమూల ఊళ్లు, దేశం దాటే రహదారులు.

2017 జూన్ 15 నుంచి ఈయూలో రోమింగ్ అదనపు చార్జీలు లేవు. జర్మనీలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థి జర్మన్ సిమ్‌తోనే ప్రాగ్‌లో ఇంటికి వీడియో కాల్ చేసుకోగలడు. అది ధర సంగతి. కానీ రైలు సరిహద్దు దాటే క్షణంలో కాల్ తెగుతుంది, ఫోను కొత్త నెట్‌వర్కు వెతుక్కుంటుంది. ఇద్దరు ఆపరేటర్ల టవర్లు కాల్‌ను ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలో పెట్టుకునే ఏర్పాటు చాలాచోట్ల లేదు. మనిషికి అది విసుగు మాత్రమే. డ్రైవరు లేకుండా నెట్‌వర్కు సాయంతో నడవాల్సిన వాహనానికి అలా కుదరదు. అందుకే రహదారుల వెంట సరిహద్దు దాటే 5జీ మార్గాలకు సీఈఎఫ్ డబ్బిస్తోంది.

సముద్రపు అడుగున వేసే కేబుళ్లు ఇప్పుడు కొత్త ఆందోళన. 2024 నవంబరులో ఫిన్లండ్, జర్మనీల మధ్య డేటా కేబుల్ తెగింది. అదే ఏడాది డిసెంబరు 25న ఫిన్లండ్, ఎస్టోనియాల మధ్య విద్యుత్ కేబుల్ ఒక నౌక లంగరు ఈడ్చడంతో దెబ్బతింది. ఆ నౌక అధికారుల మీద పెట్టిన కేసును 2025 అక్టోబరులో హెల్సింకీ కోర్టు తమ పరిధిలోకి రాదని కొట్టేసింది. కేబుల్ రెండు దేశాలదీ, తెగిన చోటు ఎవరిదీ కాదు.

సొరంగం తొలిచాక

సీఈఎఫ్ మీద విమర్శల్లో బలమైనది ఆలస్యం. ఈయూ ఆడిటర్లు 2020లో ఎనిమిది భారీ రవాణా ప్రాజెక్టులను పరిశీలించి, సగటున 11 ఏళ్లు ఆలస్యమైనట్టు, ఖర్చు 47 శాతం పెరిగినట్టు తేల్చారు. బాల్టిక్ దేశాలను 1,435 గేజితో పోలండ్‌కు కలిపే 870 కిలోమీటర్ల రైల్ బాల్టికా వాటిలో ఒకటి. 2017లో 580 కోట్ల యూరోలన్న అంచనా 2024 నాటికి మొత్తం మీద 2,400 కోట్ల దరిదాపుల్లోకి వెళ్లింది. మొదట వ్యాపారం, ప్రయాణం అని మొదలైన ఆ లైనును ఇప్పుడు సమర్థించేవాళ్లు ముందుగా చెప్పేది సైన్యం సంగతి: ట్యాంకులు గేజి మారే చోట ఆగకూడదు. కమిషన్ కొత్త ప్రతిపాదనలోనూ రవాణాకు అడిగిన 5,150 కోట్లలో 1,765 కోట్లు సైనిక రవాణాకే. లాభనష్టాల లెక్కలో ఓడిపోయే లైనును భద్రత పేరుతో నిలబెడుతున్నారని కొందరంటారు. రష్యా పక్కన బతికేవాళ్లకు లాభనష్టాల లెక్కలో భద్రత కూడా ఒక పద్దేనని బాల్టిక్ ప్రభుత్వాల సమాధానం. ఇటలీలోని సూసా లోయ ప్రజలైతే లియోన్, ట్యూరిన్‌ల మధ్య 57.5 కిలోమీటర్ల సొరంగాన్ని దశాబ్దాలుగా వ్యతిరేకిస్తూనే ఉన్నారు. దుమ్ము, నీటి ఊటలు ఎండడం, కొండలు చెదరడం తమకు. వేగం ఎవరికో అన్నది వాళ్ల మాట.

స్విట్జర్లాండ్ ఈయూలో లేదు. అయినా రోటర్‌డామ్, జెనోవా దారికి గుండెకాయ లాంటి 57 కిలోమీటర్ల గోట్‌హార్డ్ సొరంగాన్ని కట్టి 2016లో తెరిచింది. ఉత్తరం నుంచి దానికి చేరుకునే లైనును నాలుగు పట్టాలకు పెంచుతామని జర్మనీ 1996లోనే ఒప్పందం రాసింది. రాస్టాట్‌లో కుంగింది ఆ మాట నిలబెట్టుకోవడానికి తవ్వుతున్న సొరంగం పైనున్న నేలే. ఆ మార్గం పూర్తిగా సిద్ధం కావడానికి 2040లు రావాలి.

ఇక ఆస్ట్రియా, ఇటలీల మధ్య బ్రెన్నర్. ఏటా 20 లక్షలకు పైగా లారీలు ఆ కనుమ ఎక్కి దిగుతాయి. రైలుకు ఉన్నది 1867 నాటి నిటారు దారి. ఇన్స్‌బ్రుక్ నుంచి ఫోర్తెజ్జా దాకా 55 కిలోమీటర్ల సొరంగం పూర్తయితే 80 నిమిషాల ప్రయాణం 25 నిమిషాలవుతుంది. తవ్వకం ఖర్చులో పెద్ద వాటా ఈయూ గ్రాంటుది. 2025 సెప్టెంబరు 18న, ప్రధాన సొరంగం కోసం ముందుగా తవ్వే అన్వేషణ సొరంగం రెండు వైపులూ కలిశాయి, రెండు దేశాల ప్రభుత్వాధినేతలూ వచ్చారు. రైళ్లు 2032లో నడుస్తాయని అంచనా. ఇన్స్‌బ్రుక్ దాటి ఉత్తరానికి, జర్మనీలో కొత్త లైను వేయాల్సిన రోజెన్‌హైమ్ ప్రాంతంలో మాత్రం ఊళ్లవాళ్లు వద్దంటున్నారు, నిర్మాణం మొదలు కాలేదు. 2032లో ఆ సొరంగం లోంచి దూసుకొచ్చే బండి జర్మనీలోని బవేరియాలో అడుగుపెట్టాక పాత పట్టాల మీదే పోవాలి.